నలుగురికీ ఒకటే నంబరు

"ఆ సంచి వద్దే" అన్నాను.

యమున వినిపించుకోలేదు. అటక మీది నుంచి నీలం రంగు జిప్పు సంచిని దింపి, గడప బయట రెండుసార్లు దులిపింది. నేల మీద కుప్పగా ఉన్న సుహాసిని బట్టలను ఒక్కొక్కటే మడతపెట్టి అందులో సర్దడం మొదలుపెట్టింది. రెండు తెల్ల చుడీదార్లు, ఒక దుప్పటి, కొత్త తువ్వాలు, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన సర్టిఫికెట్లు.

"మీ అమ్మ సంచే అది. ఇంకోటి దొరకనేదా?"

"తాయారత్త కాడ సంచి నేదు మామ్మా. గోనెసంచిలో బట్టలేసుకుని నర్సు ట్రైనింగుకి ఎల్తాదేటి సుహాసిని? సంచి ఏం సేసింది నిన్ను?"

పక్కింటి తాయారు కాగితంలో చుట్టిన ఎండు నెత్తళ్ళ చేపల పొట్లం తెచ్చి కూతురి బట్టల మధ్యలో దోపబోయింది. యమున చెయ్యి పట్టుకుంది.

"అత్తా, వద్దు. హాస్టలంతా కంపు కొడతాది."

"కొట్టనీ. గుంట ఏటి తింటాదే అక్కడ? ఆ పప్పు నీల్లు తాగి బతుకుతాదా?"

"ఈ బట్టలేసుకుని వార్డులోకి ఎల్తే పేషెంట్లు మంచాలు దిగి పారిపోతారమ్మా" అంది సుహాసిని.

"పారిపోయేటంత ఓపికుంటే జబ్బు తగ్గినట్టే కదే. నీకే పేరొస్తాది" అంది యమున. ముగ్గురూ నవ్వారు. పొట్లం చివరికి సంచి అడుగుకే చేరింది.

నేను గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాను. ఫోను నా ఒళ్ళో ఉంది. ఆ రోజు శనివారం, 2021 నవంబరు ఇరవయ్యో తేదీ. మూడు రోజుల ముందు ఆ ఫోనులోకి రెండు మెసేజీలు వచ్చాయి. ఒకటి సుహాసినికి సీటు వచ్చిందని. అది చదివి వినిపించాను. రెండోది యమునకి కూడా అదే కాలేజీలో సీటు వచ్చిందని. అది చదివాను గాని, వినిపించలేదు. సోమవారం సాయంత్రం అయిదు గంటలలోపు వెళ్ళి చేరకపోతే సీటు ఇంకొకరికి ఇచ్చేస్తారని అందులో ఉంది.

నా మనవరాలు తన స్నేహితురాలి సంచి సర్దుతోంది. నేను చూస్తూ కూర్చున్నాను.

ఆ ఫోను సంగతి చెప్పాలి. మొదటి లాక్‌డౌన్‌లో నా కొడుకు సోములు గుజరాత్ హార్బర్లో పడవ మీదే నెల రోజులు ఇరుక్కుపోయాడు. తిండికి అల్లాడి, చివరికి బస్సుల్లో ఊరు చేరినప్పుడు వాడి దగ్గర ఉన్నది ఒక పాత పెద్ద ఫోను. అక్కడ ఎవరి దగ్గరో కొన్నాడు. తెర మీద పగులు. చెవి దగ్గర పెట్టుకుంటే మాట వినపడేది కాదు, స్పీకరులోనే మాట్లాడాలి. మా వీధిలో అలాంటి ఫోను అదొక్కటే. కాలేజీ మూసేసి క్లాసులు ఫోనులో చెబుతామన్నప్పుడు, మా వీధి నుంచి ఇంటర్ చదువుతున్న నలుగురూ ఆ ఒక్క నంబరే రాయించారు. యమున, సుహాసిని, దేవి, నాగబాబు. తరవాత ఏ ఫారం నింపినా నలుగురూ అదే నంబరు వేస్తూ పోయారు. ఎవరికీ తప్పనిపించలేదు. మా పేటలో ఒక పడవ మీద నలుగురు వెళ్ళడం మామూలే.

పొద్దున్నే నలుగురూ మా కాలనీ ఇంటి అరుగు మీద చేరేవారు. ఫోనుని చేపల ఐసు పెట్టెకి ఆనించి, దాని ముందు తలలు దగ్గర పెట్టి కూర్చునేవారు. నాకు అప్పటికి అరవై నాలుగేళ్ళు. చేపలమ్మి, తట్ట దించుకుని వచ్చి వాళ్ళ వెనక కూర్చుని వలలు బాగుచేస్తూ ఉండేదాన్ని. ఒకరోజు యమున ఐసు పెట్టె మూత తిరగేసి, తెల్లటి థర్మాకోల్ మీద బొగ్గుతో "కూర్మమ్మ" అని రాసింది.

"ఇది నువ్వే మామ్మా. సూసుకో."

అలా మొదలైంది. ఆ మూత మీద నాలుగు నెలలు దిద్దాను. తరవాత బజ్జీల పొట్లం కాగితాలు, మందు బిళ్ళల అట్టలు, గోడల మీద పోస్టర్లు, ఏది కనబడితే అది కూడబలుక్కుని చదవడం అలవాటైంది. పిల్లలకి వచ్చే మెసేజీలు నేనే చదివి, ఇళ్ళకి వెళ్ళి చెప్పేదాన్ని. వాళ్ళ కాలేజీలో బోటనీ చెప్పే గణపతిరావు మాస్టారికి ఈ సంగతి తెలిసి, నా కోసమని ముఖ్యమైనవి తెలుగులో టైపు చేసి పంపేవారు. "కూర్మమ్మగారికి నమస్కారం" అని మొదలుపెట్టేవారు. నా జన్మలో నాకు ఉత్తరం రాసిన మనిషి ఆయనొక్కరే. వీధిలో నన్ను పోస్టు మామ్మ అనేవారు. తాయారైతే, "మా అత్త సదివితే తప్పుండదు" అని అందరికీ చెప్పేది.

చదువు ఎలా అయిపోయిందో ఆ పిల్లలకే తెలియలేదు. రెండో ఏడు పరీక్షలు రద్దయ్యాయి. అందరూ పాసయ్యారని జూలైలో మెసేజు వచ్చింది. నేనే చదివాను. ఎవరూ గెంతలేదు. నాగబాబు, "పరీచ్చ రాయకుండా పాసైపోనామంటే, ఫెయిలైనట్టా పాసైనట్టా?" అన్నాడు. ఆగస్టులో, ఆ ఫోను మాకు వదిలేసి బయలుదేరిన సోములుతో పాటు గుజరాత్ పడవలకి వెళ్ళిపోయాడు. దేవికి అప్పటికే పెళ్ళి చేసేశారు. లాక్‌డౌన్‌లో అయితే జనం రారు, తక్కువలో తేలిపోతుందని. ఆడపిల్లలు ఇద్దరు మిగిలారు. ఇద్దరూ జీడిపప్పు పని షెడ్డుకి ఆటోలో వెళ్ళి సాయంత్రం వచ్చేవారు. అక్కడికి ఫోను తీసుకెళ్ళనివ్వరు. ఫోను పగలంతా నా దగ్గరే.

నర్సింగు చదవాలన్నది యమున కోరిక. అది ఎందుకు పుట్టిందో నాకు తెలుసు.

ఆ ఏడు మే నెలలో నా కోడలు రాణికి జ్వరం వచ్చింది. నాలుగో రోజుకి ఆయాసం. యమునే ఆ నీలం సంచిలో రెండు చీరలు, దువ్వెన, గ్లాసు సర్ది ఇచ్చింది. ఆస్పత్రిలోకి తోడు ఎవరినీ రానివ్వం అన్నారు. ఆటో ఎక్కుతూ రాణి, "రెండ్రోజుల్లో వచ్చీస్తానత్తా, గుంటని సూసుకో" అంది. ఆరో రోజున ఆటో అబ్బాయి సంచి తెచ్చి గడపలో పెట్టి, దూరంగా వెళ్ళి నిలబడి ఏడ్చాడు. మనిషిని మాకు చూపించలేదు. చీరల మడత కూడా విప్పలేదు. "లోపల అమ్మ పక్కన ఒక్క నర్సు ఉండుంటే నాకు పోన్ సేసి సెప్పును కదా మామ్మా. నాను నర్సునైతే సెప్తాను, అందరికీ" అని యమున ఎన్నిసార్లు అందో.

నాకు మాత్రం ఆస్పత్రి అంటే ఆ మడత విప్పని చీరలే. నా మొగుడు అసిరయ్య కూడా "సాయంత్రానికి వచ్చీస్తాను" అనే వేటకి వెళ్ళాడు. నాకు అప్పుడు ఇరవై ఎనిమిదేళ్ళు. వచ్చేస్తానన్న వాళ్ళ మాట మీద నాకు నమ్మకం పోయి చాలా కాలమైంది. ఎవరు సంచి సర్దినా ఆ మనిషి మళ్ళీ కనబడదనే అనిపిస్తుంది.

ఇదంతా నేను చేసిన దానికి సాకు కాదు. జరిగింది చెబుతున్నాను.

బుధవారం మధ్యాహ్నం మెసేజీలు వచ్చినప్పుడు ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. మొదటిది చదివి సంతోషించాను. రెండోది చదివాను. నమ్మకం చాలక మళ్ళీ చదివాను. "మీ యమునకు కూడా సీటు వచ్చింది. మంచి కాలేజీ. ఇద్దరూ ఒకచోటే ఉంటారు, మీకు బెంగ అక్కర్లేదు" అని రాశారు మాస్టారు. గుంటూరు వైపు ఎక్కడో ఊరి పేరు. మా కోటబొమ్మాళి స్టేషన్లో బండెక్కి, విశాఖపట్నంలో మారి, ఇంకా ఒక రాత్రంతా పోవాలి.

అక్కర్లేనివి నిండిపోతే ఫోను ఆగిపోతుందని, తుడిచెయ్యడం కూడా యమునే నేర్పింది నాకు. మెసేజు మీద వేలు పెట్టి నొక్కి ఉంచాలి. చెత్తబుట్ట బొమ్మ వస్తుంది. దాన్ని నొక్కాలి. అంతే.

గురువారం మాస్టారే ఫోను చేశారు.

"కూర్మమ్మగారూ, మెసేజు చూశారా? పిల్లలు ఎప్పుడు బయలుదేరుతున్నారు?"

"సుహాసిని శనివారం ఎల్తాది బాబూ. మా యమున ఎల్లదు."

"అదేంటమ్మా?"

"దానికి సంబంధం కుదిరింది బాబూ. మాగమాసంలో పెల్లి."

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకే తెలియదు. అంతకు ముందు అనుకున్నది కాదు.

"మంచి పిల్లండీ. ఆ అమ్మాయి ఒప్పుకుందా?"

"ఒప్పుకుంది బాబూ."

"సరే. మీ ఇంటి విషయం, నేనేం చెప్పగలను" అని పెట్టేశారు. ఆయన గొంతులో బాధ కంటే విసుగు ఎక్కువుంది. ఇలాంటివి ఆ ఏడు ఎన్ని విన్నారో.

శనివారం ఆటో వచ్చింది. తాయారు సంచి ఎత్తి ముందు సీటు పక్కన పెట్టింది. సుహాసిని యమునని వాటేసుకుని, "రెండో లిస్టులో నీకూ వస్తాదే. నా పక్క మంచం ఎవరికీ ఇయ్యను, సూడు" అంది. యమున నా వైపు తిరిగింది.

"మామ్మా, మల్లీ ఓసారి సూడు. నాకేటీ రానేదా?"

కళ్ళజోడు పెట్టుకున్నాను. ఫోను తెరిచాను. తుడిచేసిన చోటు పైకీ కిందికీ వేలితో జరిపాను. నా చుట్టూ ముగ్గురూ నిలబడి ఉన్నారు.

"నేదమ్మా" అన్నాను.

"మా అత్త సూసిందంటే ఇంక నేనట్టే" అని తాయారు యమున భుజం తట్టింది. "బెంగెట్టుకోకు. నీకు రాసున్నది నీకు వస్తాది."

ఆదివారం షెడ్డుకి సెలవు. యమున ఇంట్లోనే ఉంది. మధ్యాహ్నం మూడు గంటలకి మా పేట నుంచి స్టేషనుకి ఆటో వెళుతుంది. అది దాటిపోతే సోమవారం అయిదింటికి ఇక అందదు. ఆ లెక్క నాకు స్పష్టంగా తెలుసు. పొద్దుట చెబుదామని లేచాను. అది బోర్లా పడుకుని పుస్తకాల్లో ఏదో రాసుకుంటోంది.

"యమునా."

"ఏటి మామ్మా?"

"కూడు తింటావా?"

"ఇప్పుడేగా తిన్నాను. నీకు మతిపోతన్నాది." నవ్వి, మళ్ళీ అంది. "మామ్మా, పరీచ్చ రాసుంటే నాకు వచ్చీసును కదా సీటు. రాత్రింబగల్లు సదివినాను. రాయనివ్వకుండా పాసు సేసీసినారు. నాకెన్ని మార్కులొస్తాయో ఆల్లకెలా తెలుస్తాది? నన్ను మోసం సేసినట్టు కాదా అది?"

తనని మోసం చేసింది ఎవరని అది అనుకుంటోందో విని, హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. ఆ మాట రాయడానికి సిగ్గుగా ఉంది. మూడు గంటలకి ఆటో హారను వినపడింది. వాకిట్లోకి వెళ్ళి నిలబడ్డాను. నాలుగు తట్టలు, ఇద్దరు మనుషులు ఎక్కారు. వెళ్ళిపోయింది.

సోమవారం సాయంత్రం నేను కోనాం చేప ముక్కలతో పులుసు పెట్టాను. యమున వేళ్ళు నాక్కుంటూ తిని, "ఏటి ఇసేసం మామ్మా?" అంది. ఏమీ లేదన్నాను. ఆ వారం అది నా కళ్ళ ముందే తిరుగుతూ ఉంటే, నేను చేసిందే మంచిదని కూడా అనుకున్నాను. ఇంకో ఏడు ఆగితే ఆ కరోనా పూర్తిగా పోతుంది, అప్పుడు దగ్గర్లో ఎక్కడైనా చేరుతుంది, అని నాకు నేను చెప్పుకున్నాను.

శుక్రవారం సాయంత్రం సుహాసిని ఫోను చేసింది. తాయారు కూడా వచ్చి కూర్చుంది. యమున స్పీకరు నొక్కింది.

"ఒసే యమునా, నీకు బుద్దుందేటే? ఎందుకు రానేదు?"

"నన్నెక్కడికి రమ్మంటావే? సీటొస్తే కదా."

"ఏటంటన్నావు? ఇక్కడ బోర్డు మీద నా పేరు కిందే నీ పేరుంది. మీ నాన్న పేరు, మన ఊరి పేరు, అన్నీ ఉన్నాయి. సోమవారం సాయంత్రం దాకా నీ కోసం గేటు కాడ నిల్చున్నాను. నిన్ననే గీత కొట్టీసి వేరే పిల్లనేసుకున్నారు. మాస్టారు నీకు మెసేజెట్టినానన్నారే!"

తాయారు నా వైపు చూసింది. నేను ఫోను వైపు చూస్తున్నాను. యమున ఎవరి వైపూ చూడలేదు. ఆ ఫోను పెట్టేసి, మాస్టారికి చేసింది. ఆయన గొంతు గదంతా వినపడింది.

"నేను ఇద్దరికీ పంపానమ్మా. మీ మామ్మగారితో మాట్లాడాను కూడా. నీకు పెళ్ళి కుదిరిందని, నువ్వు ఒప్పుకున్నావని ఆవిడే చెప్పారు. కాదా?"

"అవునండీ" అంది యమున. ఎందుకలా అందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నన్ను ఆయన ముందు నిలబెట్టలేదు. ఫోను కట్టేసి నేల మీద పెట్టింది.

"మామ్మా, ఆ మెసేజు నువ్వు సదివినావా?"

"సదివినాను."

"నీకు తెలుగు ఇంకా సరిగ్గా రాదు. వొత్తులు పోల్చలేవు. తప్పు సదివీసుంటావు. ఔనా?"

నేను నేల మీది ఫోనుని గోడ వారకి జరిపాను.

"తప్పు సదివినానని సెప్పు మామ్మా" అంది. "ఒక్కసారి సెప్పీ. నాను నమ్మీస్తాను."

తాయారు చీర కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. చెప్పేయొచ్చు. చెబితే అది నిజంగానే నమ్మేది. కాని దాని ముఖం చూస్తూ ఇంకో అబద్ధం నా నోటికి రాలేదు.

"తప్పు సదవనేదు. రెండుసార్లు సదివినాను. నువ్వెల్లిపోతావని తుడిసీసినాను."

యమున ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. చివరికి ఒకే మాట అంది.

"పరీచ్చ పెట్టనేదని ఎవరెవర్నో తిట్టినాను మామ్మా. నీ ముందే తిట్టినాను. నువ్వింటన్నావు."

తరవాత నాతో మాట్లాడలేదు. వండితే తినేది, నీళ్ళు తోడేది, షెడ్డుకి వెళ్ళేది. సోములు పడవ మీది నుంచి ఫోను చేసి, "అమ్మా, దాని తల్లి పోనాదని నీకాడ ఒగ్గీసి వచ్చినానే" అని మాత్రం అన్నాడు. వీధిలో ఎవరూ నన్ను ఏమీ అనలేదు. కాని మెసేజు వస్తే చదవమని అడగడం మానేశారు. తాయారు సుహాసిని నంబరు కాగితం మీద రాయించుకుని, కిరాణా కొట్టుకి వెళ్ళి మాట్లాడుకునేది.

పక్క పేట దుర్గాభవాని తమిళనాడులో ఏదో నూలు మిల్లుకి ఆడపిల్లల్ని తీసుకెళుతోందని విన్నాను. ఆ ఏడు పాసైన పిల్లలే ఎక్కువ. రెండు వారాల తరవాత ఒక ఆదివారం పొద్దున్న యమున తన కాలేజీ బ్యాగు ముందేసుకుని కూర్చుంది. పుస్తకాలన్నీ తీసి గోడ వారన పేర్చింది. వాటి జాగాలో మూడు జతల బట్టలు పెట్టింది. రాణి దువ్వెన పెట్టింది. నేను ఒక పొట్లంలో నెత్తళ్ళు కట్టి తెచ్చి పక్కన పెట్టాను. తీసుకోలేదు, తోసెయ్యనూ లేదు.

"నీ సదువుకి మిల్లులో పనేటే?" అన్నాను. "వచ్చే ఏడు మల్లీ రాద్దువు. మాస్టార్ని నానే బతిమాలుతాను. కాల్లు పట్టుకుంటాను."

జిప్పు లాగుతూ అంది. "ఆల్ల ఫారంలో పోన్ నంబరు అడిగినారు. నాన్న నంబరు రాసినాను."

ఆటో దాకా వెనకే వెళ్ళాను. లోపల అప్పటికే అయిదుగురు ఆడపిల్లలున్నారు, అందరి ఒళ్ళోనూ కాలేజీ బ్యాగులే. యమున చివర ఎక్కి, బయటికి కాళ్ళు వేలాడేసి కూర్చుంది.

"ఎప్పుడొస్తావే?" అని అడిగాను.

అందరూ చెప్పే మాట అది చెబుతుందేమోనని చూశాను. వచ్చేస్తానని అబద్ధమైనా చెబితే బాగుండునని, నా బతుకులో మొదటిసారి అనిపించింది. యమున నా ముఖంలోకి చూసింది. ఏమీ చెప్పలేదు. ఆటో కదిలింది.

ఇంటికి వచ్చాక చూస్తే నెత్తళ్ళ పొట్లం అక్కడే ఉంది. పుస్తకాల పక్కన ఐసు పెట్టె మూత ఉంది. బొగ్గుతో రాసిన నా పేరు సగం చెరిగిపోయింది.

సుహాసిని చదువు పూర్తి చేసుకుంది. ఇప్పుడు శ్రీకాకుళంలో ఒక ఆస్పత్రిలో పని చేస్తోంది. నెలకోసారి వస్తుంది. మొదటిసారి వచ్చినప్పుడు నీలం సంచి ఉతికి తెచ్చి మా గడపలో పెట్టి వెళ్ళింది. యమున తండ్రితో అప్పుడప్పుడు ఫోనులో మాట్లాడుతుందట. మిల్లు మారిందట, నంబరు కూడా మారిందట. ఆ కొత్త నంబరు సోములు నాకు ఇవ్వలేదు. నేను అడగలేదు. పాత ఫోను ఇంకా పనిచేస్తోంది. రోజూ ఛార్జింగు పెడతాను.

యమున 2021 డిసెంబరు పన్నెండో తేదీ, ఆదివారం పొద్దున్న తొమ్మిది గంటల ఆటోలో వెళ్ళింది. తిరిగి రాలేదు.